ఉప్పు మీది బోల్టు

"నిన్న తెల్లారి ఆ మలుపు దాటింది ఎన్నింటికప్పా?"

"ఐదున్నరకు సార్. నమాజు చేసుకోని ఇల్లిడిచినా. మలుపు కాడికి పొయ్యేటప్పటికి ఐదున్నర."

"బోల్టులు చూసినావా?"

"ఒక్కొక్కటీ సుత్తితో కొట్టి చూసినా. బిర్రుగా ఉండె."

"ఆరూ పదికి గూడ్సు పడె," అన్నాడు కిటికీ కాడ నిలబడిన సర్కిల్ ఇన్‌స్పెక్టరు నారపరెడ్డి, మీసం కొస తిప్పుతూ. "నలభై నిమిషాల్లో నాలుగు బోల్టులూ రెక్కలొచ్చి లేచిపోయినాయా ఏందిరా?"

కీమాన్ వలి సాహెబ్ తల వంచుకున్నాడు. బేడీల మధ్య చేతులు రెండూ కట్టెల్లా ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా రోజూ ఆరు మైళ్ళు పట్టాల మీద నడిచి, సడలిన ప్రతి బోల్టునూ బిగించిన చేతులు అవి. ఇప్పుడు అవే చేతులు బోల్టులు విప్పి ఒక మనిషిని చంపాయని కేసు. గూడ్సు ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ అక్కడికక్కడే పోయాడు. రైలు పడగొట్టి ప్రాణం తీసినవాడికి ఉరి తప్పదని నారపరెడ్డి పొద్దుటి నుంచి రెండుసార్లు వినిపించేశాడు.

రైల్వే సొంత కాపలా దళమైన వాచ్ అండ్ వార్డ్ ఇన్‌స్పెక్టరు దేవేంద్రప్ప బల్లకు అవతల కూర్చుని గోడ గడియారం చూశాడు. రెండూ నలభై. సున్నపుగుట్ట స్టేషను మాస్టరు గది పొయ్యిలా ఉంది. బయట ప్లాట్‌ఫారం నిండా మామిడి తోరణాలు కడుతున్నారు. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి సముద్రపు జిల్లాలవాళ్ళు ఒక మంచి బండి కావాలని అడుగుతూనే ఉన్నారు. దాని కోసం రెండేళ్ళుగా పాత పట్టాలు పీకి కొత్తవి వేశారు. ఈరోజు సాయంత్రం నాలుగింటికి బందరులో బయల్దేరే ఆ కొత్త ఎక్స్‌ప్రెస్సు, రేపు పొద్దున్న ఆరింటికి ఈ స్టేషనులో ఆగుతుంది. దాంట్లో మంత్రులొస్తారు, వాళ్ళ పిల్లాజెల్లా వస్తారు, టిక్కెట్టు కొన్న ఐదొందల మంది వస్తారు. అది వచ్చేలోగా దోషి కర్నూలు లాకప్పులో ఉండాలని నారపరెడ్డి ఆరాటం.

"నీ పానా ఆడ దొరికింది," అన్నాడు దేవేంద్రప్ప. "నీ నంబరు గుద్ది ఉండాది దాని మీద."

"ముందునాడు సాయంత్రం గ్యాంగు గుడిసెలో పెట్టినా సార్. తెల్లారి గుడిసెకు తాళం ఏసుండె. ఇంట్లో ఉండే సుత్తి ఒక్కటే తీసుకోని పోయినా."

"గుడిసె తాళం ఎవరి కాడ?"

"మిస్త్రీ కాడ."

వలి సాహెబ్ తల ఎత్తాడు. "సార్, ఒక మాట. ఆ మలుపులో రెండు పట్టాలు, ముళ్ళవంక వంతెన మీద రెండు పట్టాలు, మూగవయినాయి. కొత్తవి వేసిన కాడి నుంచి ఆ నాలుగూ అంతే. సుత్తితో కొడితే పట్టా ఖంగుమనల్ల. ఇవి తడికట్టెను కొట్టినట్టు పలుకుతాండాయి. మిస్త్రీకి మూడు తూర్లు చెప్పి బుక్కులో రాపిచ్చినా. నాకు రాత రాదు."

నారపరెడ్డి పకపకా నవ్వాడు. "విన్నావా దేవేంద్రప్పా? పట్టాలు మాట్లాడతాయంట. రేపు కోర్టులో పట్టానే సాక్ష్యానికి పిలిపిద్దాం. ఆ బుక్కు నేను చూసినా. ఒక్క ముక్క లేదు దాంట్లో."

"నాకు ఎందుకు తెలుస్తాది సామీ రాసిందీ లేందీ? రాస్తాండానని చెప్పె. నమ్మినా."

ఆదోని దిక్కు పల్లెలో పుట్టి, ఊరిబడిలో ఐదు తరగతులు చదివి, గ్యాంగులో గడ్డపార పట్టుకుని మొదలైన మనిషి దేవేంద్రప్ప. మాట తక్కువ. వినేది ఎక్కువ. మూడేళ్ళ క్రితం పత్తి బేళ్ళ దొంగతనం కేసులో నారపరెడ్డి పట్టుకున్నవాడు కాదు, వేరేవాడు దొంగ అని తేల్చింది అతనే. ఆ కోపం రెడ్డికి ఇంకా చల్లారలేదు.

"మిస్త్రీని పిలవండి," అన్నాడు దేవేంద్రప్ప, స్టేషను మాస్టరు వెంకటేశ్వర్లుతో.

గ్యాంగు మిస్త్రీ శేషన్న కోడుమూరు మనిషి. నలభై దాటి ఉంటాయి. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రమాదం అయినాక నువ్వు ఆడికి ఎప్పుడు పోయినావు?"

"ఏడింటికి సార్. మాస్టరు సారుతో పాటే."

వెంకటేశ్వర్లు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "కాదులే శేషన్నా, మేం పొయ్యేటప్పటికే నువ్వు ఆడ ఉండావు కదా. డ్రైవరుకు నీళ్ళు తాపుతాంటివి."

"అవునవును. గుడిసె పక్కనే కదా సార్, సప్పుడు ఇనపడితే ఉరికినా. తలకాయ పని చెయ్యల్యా. ఏడనుకున్నా."

దేవేంద్రప్ప బీడీ నోట్లో పెట్టుకుని జేబులు తడుముకున్నాడు. "అగ్గిపెట్టె ఉందా?"

శేషన్న నడుం దోపులోంచి రేకు డబ్బీ తీశాడు. మూత తిప్పి, మైనం గుడ్డ విప్పాడు. లోపల వేయించిన బియ్యపు గింజల మధ్య అగ్గిపెట్టె ఉంది. వైశాఖ మాసపు ఎండలో ఉమ్మి నేలను తాకకముందే ఆరిపోయే ఊళ్ళో అగ్గిపుల్లలకు ఇంత కాపుదలా అని దేవేంద్రప్పకు వింత వేసింది.

"ఏందిది?"

శేషన్న నవ్వాడు. "పన్నెండేండ్లు సముద్రం కాడ పని చేసినా సార్. ఆడ ఉప్పుగాలికి పుల్ల అంటుకోదు. ఈడికొచ్చి ఏడాదాయె, అలవాటు పోలేదు."

"రేపు సాక్ష్యానికి కర్నూలు రావల్ల నువ్వు."

"వస్తా సార్. పొద్దున్నే బస్సుకు వస్తా."

దేవేంద్రప్ప బీడీ అంటించుకుని డబ్బీ తిరిగి ఇచ్చాడు. బస్సుకు! జేబులో పాసు పెట్టుకుని బస్సుకు డబ్బులిచ్చే రైల్వే మనిషిని తను ఇంతవరకు చూడలేదు. ఆ మాట పైకి అనకుండా పొగతో పాటు మింగాడు.

గదిలోంచి బయటికి వస్తుంటే మెట్ల కాడ వలి సాహెబ్ భార్య షంషాద్ బీ లేచి నిలబడింది. చేతిలో గుడ్డ మూట.

"సారూ, ఆయన బోల్టు ఇప్పేటోడు కాదు. ఇంట్లో తలుపు సీల సడలినా నిద్రపోడు. ఈ రొట్టెలన్నా ఇయ్యనిస్తారా?"

"ఇయ్యమ్మా," అని, ఆగకుండా, పట్టాల మీద మనుషులు తోసే పుష్ ట్రాలీ ఎక్కాడు.

*

మలుపు స్టేషనుకు పడమరగా మైలున్నర. మూడూ ఇరవైకి చేరాడు. పడిపోయిన ఎనిమిది పెట్టెలూ కట్ట కింద పక్కకు ఒరిగి ఉన్నాయి. చెడిపోయిన దారిని వదిలేసి, ఆరడుగుల లోపలికి తాత్కాలికంగా పట్టాలు వేశారు. ఐదింటికి వచ్చే కోస్తా ప్యాసింజరే దీని మీద నడిచే మొదటి బండి. ఇంకో అరమైలు పోతే ముళ్ళవంక వంతెన.

గూడ్సు తెచ్చింది ఉప్పు. సముద్రపు ఉప్పు చీలమండల లోతున కట్ట మీద పరుచుకుని, ఎండకు కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది. గంపలతో వచ్చిన ఆడవాళ్ళను తరమడమే కాపలా కానిస్టేబుళ్ళ పని అయింది.

రెండు పట్టాల కొసలను కలిపే అతుకు పలక ఉన్న చోట మేకులు పాతి తాడు కట్టించాడు నారపరెడ్డి. ఆ పని మాత్రం బాగా చేశాడని దేవేంద్రప్ప మనసులో ఒప్పుకున్నాడు. తాడు దాటి గొంతుక్కూర్చున్నాడు. నాలుగు బోల్టులు. నాలుగు మరలు. వాటి పక్కన పానా దొరికిన చోట బొగ్గుతో గీసిన గుర్తు. పలకలు మాత్రం విడిపోయి దూరంగా పడి ఉన్నాయి.

చాలాసేపు ముట్టుకోలేదు. ఊరికే చూశాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ కళ్ళం ఊడుస్తూ అనేది, ధాన్యం మీద రాయుంటే తర్వాత పడినట్టు, ధాన్యం కింద రాయుంటే ముందున్నట్టు అని.

మొదటి బోల్టును రెండు వేళ్ళతో ఎత్తాడు.

దాని కింద ఉప్పు ఉంది. తెల్లగా, మెత్తగా, బోల్టు ఆకారం అచ్చు పడిన ఉప్పు. బోల్టు మీద మాత్రం ఒక్క ఉప్పుకల్లు లేదు.

రెండోది ఎత్తాడు. కింద ఉప్పు. మూడోది, నాలుగోది, అంతే. బొగ్గు గుర్తు లోపల చెయ్యి పెట్టి గోకాడు. నాలుగు వేళ్ళ ఉప్పు పోతేగాని కంకర తగల్లేదు.

"ఏమప్పా, ఉప్పు రుచి చూస్తాండావా?"

నారపరెడ్డి జీపు దిగి వస్తున్నాడు.

"రా రెడ్డీ, కూర్చో. ఈ బోల్టులు విప్పినాకనే కదా బండి పడింది, నీ లెక్కలో?"

"అంతే కదా."

"బండి పడినాకనే కదా ఉప్పు కారింది?"

"ఊఁ."

"అట్లయితే ఉప్పు బోల్టు మీద ఉండల్ల. బోల్టు ఉప్పు మీద ఎట్లా కూర్చున్యాది?"

నారపరెడ్డి వంగి, తనే ఒక మరను ఎత్తి చూశాడు. "ఎగిరి పడింటాది. అంత పెద్ద ఇంజను పడితే బోల్టు ఎగరదా?"

"నాలుగు బోల్టులు, నాలుగు మరలు, ఒక పానా, అన్నీ ఎగిరి, ఉప్పంతా కారేదాకా ఆకాశంలో కాసుకోనుండి, ఒక్క జానెడు చోటులో దిగినాయా?"

"ఎకసెక్కాలొద్దు!" లేచి నిలబడ్డాడు నారపరెడ్డి. "బండి పడినాక బోల్టులు విప్పే పని ఎవడికుంటాది? చెప్పు."

"అదే ఎతుకుతాండా."

"ఎతుక్కో. నేను మాత్రం ఐదూ పదికి వానిని ప్యాసింజరు ఎక్కిస్తా. జీపులో పోతే దావలో వీళ్ళ గ్యాంగోళ్ళు అడ్డం పడతారు. రేపు పొద్దున్న మంత్రులు దిగి ఎవడు చేసినాడని అడిగితే ఉప్పు చూపిచ్చమంటావా?" జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

నాలుగైంది. దేవేంద్రప్ప బోల్టును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆముదం. మర చుట్టలన్నీ నూనెతో జిడ్డుగా ఉన్నాయి. తను పదేళ్ళు గ్యాంగులో చేశాడు. ఈ ఎండు సీమలో మరకు తుప్పెక్కదు, పానా పెట్టి తిప్పితే వస్తుంది. ఆముదం పోసి, కాసేపు నానబెట్టి, అప్పుడు తిప్పేది సముద్రం కాడి పనివాళ్ళు. అక్కడ నూనె లేకపోతే బోల్టు విరుగుతుందేగాని మర కదలదు. ఎంత తొందరలో ఉన్నా, చచ్చినవాని పక్కనే, ఎవరైనా వస్తారేమోనని భయపడుతున్నా, ఆ విప్పినవాడి చెయ్యి తనంత తాను ఆముదం బుడ్డి కోసం పోయింది.

అగ్గిపెట్టె డబ్బీ గుర్తుకొచ్చింది.

మనిషి తెలిశాడు. ఎందుకు అన్నది మిగిలింది. పట్టా పగిలిన ముక్కలన్నీ నిన్న సాయంత్రమే బండికెక్కించి పంపించేశారు, అదీ శేషన్న దగ్గరుండి. ఏదన్నా మిగలకపోతుందా అని దేవేంద్రప్ప మోకాళ్ళ మీద పాకుతూ ఉప్పంతా చేతులతో జల్లెడ పట్టాడు. అరచేతులు కోసుకుపోయి మంట పెట్టాయి. నాలుగున్నరకు కంకర సందులో అరచేతంత ఇనుప ముక్క దొరికింది. పట్టా అడుగు అంచు. పైన కొత్త తారు నిగనిగలాడుతోంది. తిప్పి చూశాడు. అడుగంతా పొరలు పొరలుగా, మాడిన జొన్నరొట్టెలా లేచిపోయింది. గోటితో గీరితే ఎర్ర పొడి రాలింది.

ఈ నేల మీద వందేళ్ళు పడి ఉన్నా ఇనుము ఇట్లా కాదు. ఏ సముద్రపు గట్టునో ఇరవయ్యేళ్ళు ఉప్పు తిన్న పట్టా ఇది. దానికి తారు పూసి కొత్తదని ఇక్కడ వేశారు. గూడ్సు బరువుకు తనంత తానే విరిగింది. విరిగిందని తెలిస్తే వేసినవాళ్ళ మెడకు చుట్టుకుంటుంది. అందుకే బోల్టులు విప్పి, వాటి పక్కన వలి సాహెబ్ పానా పెట్టారు. ఆ పట్టాలు మూగవని మూడుసార్లు చెప్పింది అతనొక్కడే కదా.

మలుపులో రెండు. వంతెన మీద రెండు.

దేవేంద్రప్ప దిగ్గున లేచాడు. గడియారం నాలుగూ నలభై రెండు. ఐదూ పదికి ప్యాసింజరు ఆ వంతెన మీదికి బయల్దేరుతుంది.

"ట్రాలీ తిప్పండప్పా! తోయండి, బిరబిర తోయండి!"

*

స్టేషను చేరేటప్పటికి కోస్తా ప్యాసింజరు ప్లాట్‌ఫారం మీద ఉంది. ఎండుచేపల వాసనతో, కిటికీల నిండా తలకాయలతో నిలబడింది. ఐదూ ఆరు. నారపరెడ్డి వలి సాహెబ్‌ను మెట్టు ఎక్కిస్తున్నాడు. వెనక కానిస్టేబులు చేతిలో లక్క ముద్ర వేసిన గోనె మూట, దాంట్లో సాక్ష్యం కింద పట్టుకున్న సుత్తి, పానా. వెంకటేశ్వర్లు టోకెను పట్టుకుని ఇంజను వైపు నడుస్తున్నాడు. అది డ్రైవరు చేతికి ఇస్తే బండి కదిలినట్టే.

దేవేంద్రప్ప పోయి వెంకటేశ్వర్లు మోచెయ్యి పట్టుకున్నాడు. "రెండు నిమిషాలు." తర్వాత గొంతు పెంచాడు. "శేషన్నా! ఇట్లా రా. నువ్వు కదా పెద్ద సాక్షివి, నువ్వు కూడా ఈ బండికే ఎక్కు."

"నేను రేపు బస్సుకు..."

"పాసు లేదా నీకాడ?"

"ఉండాది సార్."

"పాసుండి బస్సుకు టిక్కెట్టు కొనే రైల్వేవోడు యాడన్నా ఉండాడా మాస్టరూ?"

కిటికీల్లోంచి నవ్వులు వినిపించాయి. నారపరెడ్డి కూడా విసుక్కున్నాడు. "ఎక్కరా శేషన్నా. నేను రాత్రికే నీ వాంగ్మూలం రాసుకుంటా. ఎక్కు."

శేషన్న పెట్టె దాకా వచ్చాడు. కమ్మీ పట్టుకున్నాడు. మెట్టు మీద కాలు పెట్టాడు. ఆ కాలు అక్కడే ఆగింది. ఇంజను ఆవిరి వదిలింది. శేషన్న ముఖం బూడిద పూసినట్టు అయింది.

"ఎక్కు," అన్నాడు దేవేంద్రప్ప నెమ్మదిగా. "వంతెన బాగుండాదని సంతకం చేసినోడివి నువ్వే కదా. నాలుగొందల మంది ఎక్కినారు. ఆ పెట్టెలో చంటిబిడ్డ ఉండాది చూడు. నీకేం బయం?"

కమ్మీ మీద పట్టు సడలింది. శేషన్న ప్లాట్‌ఫారం మీద కూలబడి తల పట్టుకున్నాడు.

"వద్దు సార్... బండి ఇడిసిపెట్టొద్దండి. వంతెన నిలవదు."

టోకెను వెంకటేశ్వర్లు చేతిలోంచి జారి రాళ్ళ మీద ఖణేలుమంది. దేవేంద్రప్ప ఇనుప ముక్క తీసి నారపరెడ్డి అరచేతిలో పెట్టాడు. రెడ్డి గోటితో గీరాడు. ఎర్ర పొడి ఖాకీ యూనిఫారం మీద రాలింది.

"నేను దుడ్లకు ఆశపడి చేసింది కాదు సార్," ఏడుస్తూ అన్నాడు శేషన్న. "పెద్ద ఇంజనీరు దొర చెప్పినాడు. సముద్రం కాడ పీకిన పాత పట్టాలకు తారు పూసి పంపిస్తా, కొత్తవాటి బదులు వెయ్యమని. కాదంటే పని తీయిస్తానన్యాడు. ఆయన రాసిచ్చిన చీటీ ఉండాది."

"యాడ?"

శేషన్న నడుం దోపు నుంచి రేకు డబ్బీ తీశాడు. బియ్యపు గింజల అడుగున, నెమ్ము తగలకుండా మడిచిన కాగితం. దేవేంద్రప్ప విప్పి చదివాడు.

'మొత్తం పన్నెండు. నాలుగు నీ సెక్షనులో. ఎనిమిది అడవి సెక్షనులో వేరే గ్యాంగు వేస్తుంది. కీమాన్ నోరు నువ్వు చూసుకో.' కింద ఎర్ర సిరాతో రెండు పొడి అక్షరాల సంతకం.

"అడవిలో యాడయాడ వేసినారు?"

"నాకు తెల్దు సార్. నా పిల్లల తోడు, తెల్దు. వంతెనల కాడే వేసింటారు. ఆడ ఎవురూ పైకెక్కి చూడరని."

నల్లమల అడవి. నలభై మైళ్ళు. పద్నాలుగు వంతెనలు. బందరులో నాలుగింటికే బాజాలతో బయల్దేరిన ఎక్స్‌ప్రెస్సు ఆ అడవిలో దూరేది రాత్రి పదకొండుకు. వెంకటేశ్వర్లు అప్పటికే తంతి గదిలోకి పరుగెత్తాడు. టకటక చప్పుడు ఐదు నిమిషాలు. తర్వాత జవాబు కోసం పావుగంట. పెట్టెలో చంటిబిడ్డ ఏడుస్తోంది.

ఐదూ ముప్పై రెండుకు వెంకటేశ్వర్లు కాగితం పట్టుకుని వచ్చాడు.

"లైను బాగుంది. ఎక్స్‌ప్రెస్ ఆపరాదు. వదంతులు పుట్టించినవారిపై చర్య తీసుకోబడును."

"ఎవరు పంపినారు?"

వెంకటేశ్వర్లు కాగితం చివర వేలు పెట్టాడు. దేవేంద్రప్ప రెండో చేతిలోని చీటీని దాని పక్కన పెట్టాడు. అవే రెండు పొడి అక్షరాలు.

"నేను ప్రతి స్టేషనుకూ తంతి కొట్టగలను సార్. కానీ మంత్రులున్న బండికి, పెద్ద దొర మాట కాదని ఎర్రజెండా చూపే మొనగాడు యాడ దొరుకుతాడు? విరిగే పట్టా ఇదీ అని కళ్ళకు చూపిస్తే తప్ప."

"చూపిద్దాం," అన్నాడు దేవేంద్రప్ప. అందరి తలల మీదుగా మెట్టు మీద కూర్చున్న మనిషి వైపు చూశాడు. "వలి సాహెబూ, చీకట్లో కూడా చెప్పగలవా, మూగ పట్టా ఏదో?"

"పట్టాను చూసేది కండ్లతో కాదు సార్."

నారపరెడ్డి జేబులోంచి తాళంచెవి తీశాడు. దాన్ని ఒక్క క్షణం అటూ ఇటూ తిప్పాడు. తర్వాత వంగి, వలి సాహెబ్ బేడీలు విప్పి, శేషన్న చేతికి తగిలించాడు. కానిస్టేబులు దగ్గరున్న గోనె మూట లాక్కుని, పొద్దున్న తను వేసిన లక్క ముద్రను తనే బొటనవేలితో పగలగొట్టి, సుత్తి బయటికి తీశాడు.

"నేనూ వస్తా. ఎర్రజెండా చూపితే ఆగని డ్రైవరు తుపాకీ చూపితే ఆగుతాడులే," అన్నాడు ఎవరి ముఖమూ చూడకుండా. "ఇంత ఎర్రి నాయాలిని చేసినాడు నన్ను, ఆ దొర!"

పదకొండు లోపలే అడవి చేరాలని, ప్యాసింజరు ఇంజనును పెట్టెల నుంచి విప్పి తూర్పు దిక్కుకు తిప్పే పని మొదలైంది. ట్రాలీని వెనక కట్టారు. షంషాద్ బీ రొట్టెల మూట భర్త ఒళ్ళో పెట్టి వెనక్కి జరిగింది.

వలి సాహెబ్ మూట పక్కన పెట్టాడు. బేడీలు ఒరుసుకుని ఎర్రబడిన మణికట్టు ఒకసారి రుద్దుకుని, సుత్తి తీసుకుని కిందికి దిగాడు. తూర్పు వైపు పోయే మొదటి పట్టాను ఒక్క దెబ్బ కొట్టాడు. తల పక్కకు వంచి, ఆ మోత సన్నగా దూరం పోయేదాకా విన్నాడు.

"ఇది బతికే ఉండాది," అన్నాడు. "పాండి సార్. పొద్దు గూకుతాండాది."